రోడ్డు పక్క పూలగడ్డిని ఎప్పుడు వదలాలి, ఎప్పుడు కోయాలి: ఊరి బృందాలకు సమగ్ర మార్గదర్శి

"రోడ్డు పక్కన పూలు పూయించాలంటే ఏ విత్తనాలు కొనాలి?" అని తరచూ అడుగుతున్నారు. మొదటి ఏడాది ఏమీ కొనకండి. మన రోడ్ల పక్క మట్టిలో గునుగు, తుమ్మి, వెంపలి, తగిరిస గింజలు ఎప్పటి నుంచో పడి ఉన్నాయి. సరిగ్గా పూతకొచ్చే వేళకు బ్రష్ కట్టర్ (గడ్డి కోసే మిషన్) వస్తుంది. అది తప్పించుకున్నవాటి మీదికి ఎండాకాలంలో నిప్పు వస్తుంది. అందుకే తేనెటీగలకు, సీతాకోకచిలుకలకు మేతయ్యే పూలను కాపాడే ఈ పనిలో నాటడం తక్కువ, కోత తేదీ మార్చడం ఎక్కువ.

ఇక్కడ రాసింది తెలంగాణ పల్లె రోడ్లను, వానాకాలాన్ని దృష్టిలో పెట్టుకుని రాసింది. నెల్లూరు, ప్రకాశం, చిత్తూరు వైపు అక్టోబర్ తర్వాత కూడా వానలు గట్టిగా పడతాయి కాబట్టి అక్కడ పెద్ద కోతను నెల, నెలన్నర ఆలస్యంగా పెట్టుకోండి.

1. ముందు ఆ రోడ్డు ఎవరిదో తేల్చుకోండి

తారు అంచు నుంచి చేను గట్టు దాకా ఉన్న మట్టి పట్టీని ఇంజినీర్లు, కాంట్రాక్టర్లు బెర్మ్ అంటారు. అది ఖాళీగా కనిపించినా దానికి యజమాని ఉంటాడు. ఊరి లోపలి రోడ్డు పంచాయతీది. ఊరికీ ఊరికీ మధ్య రోడ్డు పంచాయతీరాజ్ ఇంజినీరింగ్ వాళ్లది గానీ ఆర్ అండ్ బి వాళ్లది గానీ అయి ఉంటుంది. జాతీయ రహదారి జోలికి మాత్రం పోకండి. అక్కడి వేగానికి వాలంటీర్లు పనిచేయడం ప్రాణాలతో చెలగాటం.

అనుమతి కాగితం ఎంత ముఖ్యమో, గడ్డి కోసే మనిషి ఎవరో తెలుసుకోవడం అంతకంటే ముఖ్యం. జంగిల్ కటింగ్ పని ఒక చోట పంచాయతీ మల్టీపర్పస్ వర్కర్లు చేస్తారు, ఇంకో చోట ఉపాధి హామీ కూలీలు, మరో చోట కాంట్రాక్టర్ మనుషులు. అధికారి సంతకం పెట్టిన సంగతి ఆ మనిషికి చేరకపోతే కాగితం కాగితంగానే ఉంటుంది.

మాకు అదే జరిగింది. ఏడాదంతా కాపాడుకున్న గునుగు, పెద్ద బతుకమ్మకు వారం ముందు ఒక్క పూటలో నేలమట్టమైంది. కోసినవాళ్లను తప్పు పట్టలేం. వాళ్లకెవరూ చెప్పలేదు, మేం బోర్డు కూడా పెట్టలేదు.

దరఖాస్తులో ఉండాల్సినవి:

☐ ఏ రోడ్డు, ఏ పక్క, ఏ కల్వర్టు నుంచి ఏ కరెంటు స్తంభం దాకా (చేత్తో గీసిన పటం చాలు)
☐ ఏ నెలల్లో కోయకూడదని అడుగుతున్నారో
☐ మలుపుల దగ్గర, తారు అంచున గడ్డి పొట్టిగా ఉంచే బాధ్యత మీదేనని
☐ తవ్వకాలు చేయబోమని (కింద నీళ్ల పైపులు, కేబుళ్లు ఉంటాయి)
☐ బాధ్యులుగా ఇద్దరి పేర్లు, ఫోన్ నంబర్లు

హరితహారం మొక్కలు ఉన్న రోడ్డయితే ఒక మాట అదనంగా రాయండి: ప్రతి మొక్క చుట్టూ పాదు మేర మేమే శుభ్రంగా ఉంచుతాం. అధికారుల టెన్షన్ అంతా ఆ మొక్కలు బతకడం గురించే. ఈ ఒక్క హామీతో సగం అభ్యంతరాలు పోతాయి.

2. చిన్న ముక్కతో మొదలుపెట్టండి

100 నుంచి 200 మీటర్లు, అది కూడా ఒక్క పక్కే. ఆరుగురున్న బృందానికి అంతకు మించి వద్దు. ఉత్సాహం కొద్దీ 2 కిలోమీటర్లు తీసుకుంటే ఆగస్టుకల్లా సగం జాగాను వయ్యారిభామ (కాంగ్రెస్ గడ్డి) ఆక్రమిస్తుంది.

మూలమలుపులు, నాలుగు రోడ్ల కూడళ్లు, బస్సు ఆగే చోటు, ఇళ్లకు ఆనుకుని ఉన్న 10 మీటర్లు, గుడి ముందు స్థలం... వీటిని వదిలేయండి. ఇంకో సంగతి: పంటకోతల సమయంలో రైతులు వడ్లు ఎక్కడ ఆరబోస్తారో చూసుకోండి. ఆ జాగాలో పూలు పెంచుతామంటే గొడవ ఖాయం, న్యాయం కూడా వాళ్ల వైపే ఉంటుంది.

3. ఒక వానాకాలం చూడండి

చాలామంది దాటేసే మెట్టు ఇదే. జూన్ నుంచి నవంబర్ దాకా పదిహేను రోజులకోసారి నడిచి, ఏం మొలిచింది, ఏం పూసింది, దాని మీద ఏం వాలింది అని నోటుబుక్కులో రాయండి. పేరు తెలియని మొక్కకు ఫోటో తీసి ఊళ్లో పెద్దవాళ్లకు చూపించండి. మొక్కలను గుర్తించే యాప్ తడబడిన చోట మేకల కాపరి ఠక్కున చెప్పేస్తాడు.

నాలుగు పుల్లలు పాతి, తాడు కట్టి, ఒక చదరపు మీటరు జాగా చేసుకోండి. పొద్దున 9, 11 గంటల మధ్య 15 నిమిషాలు దాని ముందు కూర్చోండి. తుమ్మి దగ్గర కూర్చుంటే ఇలా ఉంటుంది. తెల్లటి చిన్న పువ్వు కింది పెదవి నాలుకలా బయటికి సాగి ఉంటుంది. తేనెటీగ దాని మీద వాలి తల లోపలికి దూర్చగానే, పై రేకు చాటున దాగిన పుప్పొడి దాని వీపుకు అంటుతుంది. అది పక్క పువ్వుకు పోతుంది. అంతా రెండు మూడు సెకన్ల పని.

తంగేడు దగ్గర కథ వేరు. ఆ పువ్వులో తేనె దొరకదు, దొరికేది పుప్పొడి. అది కూడా కొసన సన్నటి రంధ్రాలున్న తిత్తుల్లో ఉంటుంది. నల్ల తుమ్మెద వచ్చి ఆ తిత్తులను కాళ్లతో పట్టుకుని ఒళ్లు అదిరిస్తుంది. ఎగిరేటప్పటి గుయ్‌మనే చప్పుడు ఒక్కసారి సన్నబడి, పైస్థాయికి పోతుంది. కళ్లు మూసుకున్నా తెలుస్తుంది, ఇప్పుడు పుప్పొడి రాలుతోందని.

మీ జాబితాలో వీటి కోసం చూడండి:

- తుమ్మి, వెంపలి, గునుగు: వానాకాలం పూత. తేనెటీగలకు, చిన్న సీతాకోకచిలుకలకు మేత.
- తంగేడు, తగిరిస, కసివింద: లేత ఆకుపచ్చ ఛాయ తెలుపులో ఉండే సీతాకోకచిలుక గుడ్లు పెట్టేది వీటి ఆకుల మీదే. ఆకులకు చిల్లులు కనిపిస్తే మందు కొట్టకండి, మీకు కావాల్సింది ఆ చిల్లులు చేసే పురుగులే.
- జిల్లేడు: నారింజ రెక్కలు, నల్ల అంచు మీద తెల్ల చుక్కలు ఉన్న సీతాకోకచిలుకకు పుట్టిల్లు. నలుపు, తెలుపు, పసుపు చారల పురుగు దాని పిల్లే.
- గిలిగిచ్చ: ఎండాక కాయలు గలగలమనే మొక్క. మగ సీతాకోకచిలుకలు కొన్ని ఎండిన గిలిగిచ్చ మీద కూడా గుంపుగా వాలి రసం పీలుస్తాయి. ఎండిపోయింది కదా అని పీకేయకండి.
- గడ్డి చామంతి: మన నేలది కాదు, అమెరికా ఖండం నుంచి వచ్చింది. అయినా దాదాపు ఏడాది పొడవునా పూస్తుంది, ఇతరులను తొక్కేయదు. నేనైతే ఉండనిస్తాను.

4. బెర్మ్‌ను మూడు పట్టీలుగా విడగొట్టండి

అంచు పట్టీ: తారు నుంచి ఒక మీటరు, మీటరున్నర. ఇది ఏడాదంతా పొట్టిగానే ఉండాలి. బండి దిగినవాడికి కాలు పెట్టే చోటు, నడిచేవాళ్లకు దారి. ఊరివాళ్ల కళ్లకు "ఇది ఎవరో చూసుకుంటున్న జాగా" అని చెప్పేది కూడా ఈ శుభ్రమైన అంచే.

నడిమి పట్టీ: గునుగు, తుమ్మి, వెంపలి లాంటి ఏడాది మొక్కలది. ఏటా ఒక్క కోత.

గట్టు పట్టీ: సైడు కాలువ అవతల, చేను వైపు. తంగేడు, జిల్లేడు, వావిలి, రేగు పొదలు ఇక్కడ. కాలువ మాత్రం పూడకుండా చూసుకోవాలి. వాననీళ్లు రోడ్డెక్కితే మీ పూలతోట కథ ఆ రోజుతో సరి.

కరెంటు తీగల కింద పొదలు వద్దు, ఏడాది మొక్కలే ఉంచండి.

5. తీసేయాల్సినవి, తీసే తీరు

మొదటి శత్రువు వయ్యారిభామ, అదే కాంగ్రెస్ గడ్డి. ఒక్క మొక్క వేల గింజలు రాలుస్తుంది. మొలిచిన నెల, నెలన్నరలో పూస్తుంది కాబట్టి వాన పడ్డాక మీకు దొరికే గడువు అంతే.

ఎలా చేయాలంటే:

1. తొలకరి తర్వాత మూడు వారాలకు, నేల తడిగా ఉన్నప్పుడు, వేళ్లతో సహా పీకండి. కోస్తే మళ్లీ చిగురిస్తుంది.
2. మూడేసి వారాల ఎడంతో ఇంకో రెండు సార్లు తిరగండి. మొదటిసారి కంటే రెండోసారి ఎక్కువ కనిపిస్తే బెదిరిపోకండి. పీకినప్పుడు కదిలిన మట్టిలోని గింజలు మొలిచాయంతే.
3. పూత రానివి కంపోస్టు గుంతలో వేయొచ్చు. పూత వచ్చినవాటికి ముందు గోనెసంచి తొడిగి, తర్వాత పీకి, సంచిలోనే ఉంచి మూతి కట్టండి. ట్రాలీలో పరిచి ఊరంతా తిప్పితే గింజలు చల్లుకుంటూ పోయినట్టే.
4. ఖాళీ అయిన చోట వెంటనే తగిరిస గింజలు చల్లండి. గుబురుగా పెరిగి వయ్యారిభామను అణుస్తుంది.

దీని పుప్పొడి, ఆకు కొందరికి ఒంటి మీద దద్దుర్లు, ఆయాసం తెస్తాయి. చేతొడుగులు, నిండు చేతుల చొక్కా, ముక్కుకు గుడ్డ తప్పనిసరి. ఆస్తమా ఉన్నవాళ్లను ఈ పనికి అసలు పిలవొద్దు, వాళ్లకు నోటుబుక్కు ఇవ్వండి. వానాకాలంలో ఆకులను జల్లెడ చేసే చారల పెంకు పురుగు కనిపిస్తే దాన్ని చంపకండి. వయ్యారిభామను తినడానికే 1980ల్లో మెక్సికో నుంచి మన దేశానికి తెచ్చిన పురుగు అది.

సర్కారు తుమ్మ మొలకలను చిన్నప్పుడే గడ్డపారతో వేరు మొదలు సహా తీయండి. పైపైన నరికితే నాలుగు కొమ్మలై లేస్తుంది. పెద్ద చెట్ల జోలికి పంచాయతీ ద్వారానే పోవాలి. దాని పూతకు తేనెటీగలు బాగానే వస్తాయి, కాబట్టి ఒకేసారి కాకుండా రెండు మూడేళ్లలో తగ్గించుకుంటూ పోండి. కంపను పంగలకర్రతోనే లాగాలి, చేత్తో కాదు. లంటానా పొదకు నేల లోపల తల్లివేరు నరికి, పొదను తలకిందులుగా బోర్లించి ఎండనివ్వండి.

గడ్డిమందు మాత్రం వద్దు. అది వయ్యారిభామకూ తుమ్మికీ తేడా చూడదు.

6. కోత క్యాలెండర్

మే చివర: పాత కంప, ప్లాస్టిక్, సీసా పెంకులు ఏరేయండి. వానలు మొదలయ్యాక గడ్డిలో అవి కనిపించవు.

జూన్, జులై: వయ్యారిభామ పీకుడు. ఖాళీ చోట్ల విత్తడం. అంచు పట్టీ ఒక కోత.

ఆగస్టు నుంచి అక్టోబర్: నడిమి పట్టీలో కొడవలి పెట్టొద్దు. అంచు పట్టీ మాత్రం మూడు నాలుగు వారాలకోసారి. ఈ మూడు నెలలు బోర్డు నిలబడి ఉండాలి. "పూత కోసం వదిలిన గడ్డి, కోయవద్దు" అన్న ఒక్క వాక్యం, కింద ఫోన్ నంబర్ చాలు.

బతుకమ్మ రోజులు: ఎంగిలిపూల నాడే (బతుకమ్మ మొదటి రోజునే) గునుగు, తంగేడు కోసం జనం వస్తారు. ఆపకండి. ఆ పూలు వాళ్లవి కూడా. రెండు మాటలు మాత్రం చెప్పండి: గునుగును వేళ్లతో పీకకుండా కాడ దగ్గర కోయాలి, మూడింట ఒక వంతు వదలాలి. తంగేడు కొమ్మ విరవకుండా పూగుత్తి వరకే తుంచాలి. మా దగ్గర ఒక పెద్దమ్మ "ఏం బిడ్డా, గడ్డికి గూడ కావలి ఉంటున్రా?" అని నవ్వింది. గునుగు కోసం మునుపు ఎంత దూరం పోవాల్సి వచ్చేదో చెప్పుకుంటూ, మూడో వంతు లెక్కను మిగతావాళ్లకు ఆమే చెప్పింది.

నవంబర్, డిసెంబర్ మొదట: గింజ ముదిరే కాలం. ఎండిపోయి వికారంగా కనిపిస్తుంది. ఫిర్యాదులు వచ్చేది ఇప్పుడే. గునుగు పూగుత్తిని అరచేతిలో నలపండి. మెరిసే నల్లటి సన్న గింజలు రాలితే ముదిరినట్టు, పొట్టు మాత్రమే రాలితే ఇంకా ఆగాలి.

డిసెంబర్ మధ్య నుంచి జనవరి: పెద్ద కోత. అయితే మొత్తం కోయకండి. పొడవులో మూడింట రెండు వంతులే కోసి, ఒక వంతు నిలబెట్టండి. ఎండు కాడల మీద, లోపల గుడ్లు, ప్యూపాలు (పురుగు రెక్కలు తొడిగే ముందు ఉండే గూళ్లు) ఉంటాయి. వదిలే వంతును ఏటా మార్చండి.

ఫిబ్రవరి నుంచి మే: నిప్పు కాపలా. వదిలిన ముక్క చుట్టూ రెండు మీటర్ల వెడల్పున గడ్డి చెక్కి, నేల కనిపించేలా ఉంచండి. బీడీ ముక్క పడినా మంట అక్కడే ఆగుతుంది.

7. పెద్ద కోత చేసే వరస

1. ముందు రోజు నడిచి చూడండి: తేనెపట్టు, పక్షి గూడు, పాము పుట్ట ఉన్న చోట గుడ్డ కట్టి గుర్తు పెట్టండి.
2. రోడ్డు వైపు నుంచి చేను వైపు కోసుకుంటూ పోండి. లోపలున్న కుందేలు, పాము, తొండ చేలోకి పారిపోతాయి. అటు నుంచి ఇటు కోస్తే అవన్నీ బండ్ల కింద పడతాయి.
3. నేల నుంచి 10, 15 సెంటీమీటర్ల ఎత్తు వదలండి. బ్రష్ కట్టర్ నేలకు తాకితే రాళ్లు తూటాల్లా లేస్తాయి.
4. కోసిన గడ్డిని మూడు నాలుగు రోజులు అక్కడే పడుకోనివ్వండి. మధ్యలో ఒకసారి తిరగేయండి. మిగిలిన గింజ అక్కడే రాలుతుంది.
5. తర్వాత మొత్తం ఎత్తేయండి. ఇది బద్ధకించొద్దు. గడ్డి అక్కడే కుళ్లితే నేల బలిసి మొరటు గడ్డి పెరుగుతుంది, సన్న పూల మొక్కలు మాయమవుతాయి. ఎండితే మంటకు ఇంధనం.
6. పంచాయతీ ట్రాక్టర్ ముందే అడిగి పెట్టుకోండి. గడ్డి పశువులకు పోతుంది, మిగతాది కంపోస్టుకు.

తంగేడు పొదలను ఏటా మూడో వంతు కొమ్మలు మాత్రమే కత్తిరించండి. మొదలుకంటా నరికితే వచ్చే బతుకమ్మకు పూలుండవు.

8. ఖాళీ చోట్ల విత్తడం

రెండో ఏడాది నుంచే, అది కూడా నిజంగా మొక్క లేని చోటే (వయ్యారిభామ పీకిన చోట చల్లే తగిరిసకు మాత్రం ఇది వర్తించదు). ఆన్‌లైన్‌లో అమ్మే రంగురంగుల మిక్స్ ప్యాకెట్లలో ఎక్కువ భాగం పరదేశీ తోటపూలు. ఫోటోకు బాగుంటాయి గానీ మన సీతాకోకచిలుకల పురుగులు వాటి ఆకు తినవు.

గింజలు పక్క ఊళ్లలోనే ఏరుకోండి. ఒక్కో చోట కనిపించిన గింజల్లో నాలుగో వంతుకు మించి తేవొద్దు. నీడన ఆరబెట్టి, బూడిద కలిపి, బట్ట సంచిలో కట్టి పెట్టండి. ప్లాస్టిక్ కవర్లో బూజు పడుతుంది.

- తంగేడు: గింజ పెంకు గట్టిది. నీళ్లు మరిగించి, పొయ్యి మీంచి దించి, గింజలపై పోసి రాత్రంతా వదలండి. పొద్దుటికి ఉబ్బినవి విత్తండి, ఉబ్బనివాటికి మళ్లీ పోయండి. గట్టు పట్టీలో రెండు మీటర్లకొక చోట, రెండేసి గింజలు, ఒక సెంటీమీటరు లోతు.
- గునుగు, తుమ్మి: గింజకు పదింతలు పొడి ఇసుక కలిపి చల్లండి. ముందు నేలను దంతెతో గీకండి, తర్వాత కాలితో తొక్కండి. మట్టి కప్పొద్దు.
- తగిరిస: తొలకరికి ముందు చల్లినా ఫరవాలేదు.

ఎరువు, డీఏపీ, చెరువు మట్టి వేయకండి. పేద నేలే మీకు మేలు. బలిసిన నేలను గరిక, వయ్యారిభామ పంచుకుంటాయి.

ఎండ తగిలే వాలులో అక్కడక్కడ రెండు చదరపు మీటర్ల చొప్పున నేలను బోసిగా వదలండి. ఒంటరిగా బతికే తేనెటీగల్లో చాలా రకాలు మట్టిలోనే బొరియ తవ్వుకుంటాయి. పెన్సిలంత సన్న రంధ్రాలు కనిపిస్తే అక్కడ తొక్కకండి.

9. పని రోజు భద్రత

☐ అందరికీ మెరిసే జాకెట్లు, కాళ్లకు బూట్లు
☐ రెండు వైపులా 50 మీటర్ల దూరంలో కోన్లు, ఒక్కో మనిషి
☐ చూపు ఎప్పుడూ వచ్చే బండి వైపు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు లేకుండా
☐ పొద్దున 7 నుంచి 10 దాకానే పని, చీకట్లో వద్దు
☐ గడ్డిలో చెయ్యి పెట్టే ముందు కర్రతో కదపడం
☐ బ్రష్ కట్టర్ పట్టిన మనిషికి కళ్లద్దాలు, చుట్టూ 15 మీటర్లలో ఎవరూ లేకుండా
☐ పాము కాటుకు మందున్న దగ్గరి ఆసుపత్రి ఏదో ముందే తెలుసుకోవడం, 108
☐ పెద్ద చెట్టుకు తేనెపట్టు పట్టి ఉంటే ఆ కింద మిషన్ నడపకపోవడం

పిల్లలను తేనెటీగల, సీతాకోకచిలుకల లెక్కకు పిలవండి, కోతకు వద్దు.

10. తరచూ వచ్చే చిక్కులు

"పాములొస్తాయి, దోమలొస్తాయి." దోమ గుడ్లు పెట్టేది నిలిచిన నీళ్లలో. కాలువలోని కొబ్బరి బోండాలు, కప్పులు ఏరేయండి. పాముల భయం మాత్రం నిజమైనదే, కొట్టిపారేయకండి. ఇళ్ల పక్క 10 మీటర్లు పొట్టిగా ఉంచి చూపించండి.

మేకలు మేసేశాయి. గునుగు వాటికి ఇష్టం. కాపరితో జూన్‌లోనే మాట్లాడి, జనవరి తర్వాత ఎంతైనా మేపుకోమనండి. కోతకు సాయం కూడా అవుతుంది. తంగేడు, జిల్లేడు మేకలు పెద్దగా ముట్టవు.

రెండో ఏడాది పూలు తగ్గాయి, గడ్డి పెరిగింది. కోసిన గడ్డి ఎత్తి ఉండరు, లేదా గింజ ముదరకముందే కోసి ఉంటారు. ఈసారి జులై మొదటి వారంలోనే ఒకసారి గడ్డి తలలు కోసి ఎత్తేయండి. పొట్టి మొలకలకు ఎండ తగులుతుంది.

చెత్త పడేస్తున్నారు. ఎత్తైన గడ్డి చెత్తను దాస్తుంది, అందుకే ఇంకా వేస్తారు. అంచు పట్టీ కోసిన ప్రతిసారీ ఒక సంచి పట్టుకుని నడవండి. మా దగ్గర ఇంకే ఉపాయమూ దీనికి సాటి రాలేదు.

కేబుల్ వాళ్లు తవ్విపోయారు. బాధపడకండి. ఆ తిరగబడిన మట్టిలో ముందు వచ్చేది వయ్యారిభామే కాబట్టి మూడో వారానికల్లా అక్కడ ఉండండి.

11. లెక్క రాయండి

అదే చదరపు మీటరు, అదే 15 నిమిషాలు, నెలకోసారి. తేనెటీగలు, తుమ్మెదలు, సీతాకోకచిలుకలు, ఇతరాలు అని నాలుగు గళ్లు చాలు. జాతుల పేర్లు తెలియకపోయినా ఫరవాలేదు. కోయకుండా వదిలిన ముక్కలో ఒకటి, మామూలుగా కోసే అవతలి పక్కన ఒకటి, రెండూ ఒకే రోజు లెక్కపెట్టాలి. ఎండ, మబ్బు, గాలి కూడా రాయండి. మబ్బు రోజున సున్నా వచ్చిందని డీలా పడినవాళ్లను చూశాను.

వచ్చే ఏడాది అనుమతి కోసం పోయేటప్పుడు ఆ నోటుబుక్కే తీసుకెళ్లండి. మేం ఫోటోలు బల్ల మీద పరిస్తే సారు పైపైన చూసి పక్కన పెట్టారు. రెండు పక్కల లెక్కలున్న పేజీ దగ్గర మాత్రం ఆగి, "అవతలి పక్క ఎప్పుడు కోయిస్తున్నాం?" అని ఫోన్ అందుకున్నారు.